మదనపల్లె సైనికుల పార్కులో మా ఆయన రాయి

మునెప్పన్న ఫోన్ చేసినప్పుడు నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. "టీచరమ్మా, ఈ తూరి నేను పోలేనమ్మా. మోకాలికి ఆపరేషన్ చేసినారు. మెట్టు దిగితే డాక్టరు తిడ్తాడు, దిగకపోతే మీ వదిన తిడ్తాది. ఆదివారం మదనపల్లెకు నువ్వే పోవల్ల. లేకపోతే మనోడి రాయికాడ పలికేవాళ్ళు ఎవురూ ఉండరు" అన్నాడు. తడి చీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మునెప్పన్నది పుంగనూరు. మా ఆయన రెడ్డెప్పతో కలిసి సైన్యంలో పనిచేసినవాడు. మా ఆయన పోయి మూడేళ్ళవుతోంది. ఈ బ్లాగులో ఇన్ని ఊళ్ళ గురించి రాశాను గానీ, మదనపల్లె పార్కుకు మాత్రం నేనెప్పుడూ వెళ్ళలేదు. ఆయన ఉన్నప్పుడు ఆయన రమ్మనలేదు, నేను వస్తానని అడగలేదు. ఆయన పోయాక మునెప్పన్నే వెళ్ళి ఆ పని చూసుకుంటున్నాడు కదా అని ఊరుకున్నాను.

ఆ పని ఏమిటో ముందు చెప్పాలి. మదనపల్లెలో మాజీ సైనికుల కోసం కట్టిన పార్కు ఒకటి ఉంది. పేరుకు పార్కే గానీ అందులో పూలమొక్కల కంటే రాళ్ళే ఎక్కువ. చుట్టుపక్కల పల్లెల నుంచి సైన్యానికి వెళ్ళినవాళ్ళ పేరిట ఒక్కో రాయి. కొన్నది కాదు, చెక్కించింది కాదు. ఎవరి రాయి వాళ్ళ సొంత చేనులోంచి తెచ్చుకోవాలి. సగం భూమిలో పాతి, పైన నల్లరంగుతో పేరు రాస్తారు. యుద్ధంలో పోయినవాడైనా, పింఛను తీసుకుంటూ మంచంలో పోయినవాడైనా, ఇంకా బతికే ఉన్నవాడైనా రాయి రాయే. ఏటా చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం పాత సైనికులంతా కలిసి ఆ రాళ్ళ వెంట నడుస్తారు. ముందు నడిచే పెద్ద ప్రతి రాయి దగ్గరా ఆగి, ఊరి పేరు, మనిషి పేరు పిలుస్తాడు. బతికున్నవాడు "ఉండాను" అని తానే పలుకుతాడు. లేనివాడి తరఫున ఇంటివాళ్ళో, ఊరివాళ్ళో, కలిసి పనిచేసినవాళ్ళో "ఉండాడు" అని పలకాలి. పలికిన రాళ్ళకు మర్నాడు సున్నం కొట్టి, కావిపట్టె వేస్తారు. ఎవరూ పలకని రాయికి ఆ ఏడు సున్నం ఉండదు. తిట్టరు, తీసేయరు. అలా వదిలేస్తారు, అంతే. మా ఆయన రాయి అలా బూడిదరంగుకు తిరిగిపోతుందన్న ఆలోచన నాకు ఆ రాత్రి అన్నం దిగనివ్వలేదు.

నిజం చెప్పొద్దూ, "ఉండాడు" అనే మాట నాకు బాగా అలవాటైన మాట. కుప్పంలో టీచరు ఉద్యోగం నాది. ఆయన ఎక్కడో మంచుకొండల్లో ఉంటే నేనొక్కదాన్నే ఆ ఇంట్లో ఉండేదాన్ని. తలుపు తట్టిన ప్రతివాడికీ లోపలి నుంచే గట్టిగా "సారు ఉండాడు, నిద్రపోతాండాడు, ఏం కావల్ల?" అని అడిగేదాన్ని. వాకిట్లో మగవాళ్ళ చెప్పుల జత ఒకటి ఎప్పుడూ ఉండాల్సిందే. గ్యాసతను, కరెంటు మీటరతను, చందాలవాళ్ళు, అందరూ ఆ చెప్పులు చూసి మర్యాదగా మాట్లాడేవాళ్ళు. ఆయన రిటైరై వచ్చాక ఆ మాట కొన్నేళ్ళపాటు నిజమైంది. ఆయన పోయాక మళ్ళీ పాత పాటే. ఒంటరి ఆడదాన్ని, ఏం చెయ్యమంటారు? అందుకే భయమేసింది. ఇంతకాలం అబద్ధానికి వాడిన మాటను ఆయన రాయి దగ్గర నిలబడి ఎలా పలకాలి?

ఆదివారం తెల్లవారుతుండగా కుప్పం బస్టాండుకు వెళ్ళాను. మదనపల్లెకు నేరుగా వెళ్ళే బస్సు కోసం ఎదురుచూడకండి. పలమనేరు బస్సెక్కి, అక్కడ పుంగనూరు బస్సు మారితే హాయి. ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి ఆధార్ కార్డు పర్సులో పైనే పెట్టుకోండి. నేను అడుగున పెట్టి, కండక్టరు ముందు సంచి మొత్తం తిరగేశాను. కిటికీ పక్క సీటు దొరికింది. చలికి అద్దం మూసి కూర్చున్నానో లేదో ఒకతను వచ్చి, "అమ్మా, ఈడ ఎవురన్నా ఉండారా?" అని పక్క సీటు చూపించాడు. "ఉండాడు" అన్నాను! ఆలోచించలేదు, నోటికి అదే వచ్చింది. అతను వెనక్కి వెళ్ళిపోయాడు. బస్సు కదిలింది. జనం నిలబడే ఉన్నారు, నా పక్క సీటు ఖాళీగానే ఉంది. కండక్టరు వచ్చి, "ఏమ్మా, మనిషి ఉండాడంటివి, యాడ?" అన్నాడు. ఏం చెప్పను? "రాలేదప్పా" అన్నాను. వి.కోట దగ్గర మునగకాయల కట్టతో ఒక ముసలామె ఎక్కి, ఎవరినీ అడక్కుండా దబ్బున నా పక్కన కూలబడింది. కట్ట నా ఒళ్ళో సగం, ఆమె ఒళ్ళో సగం. పలమనేరు దాకా ఆమె నా భుజం మీద నిద్రపోయింది. ఎన్ని రోజులైందో ఒక మనిషి నా భుజానికి ఆనుకుని. దిగేటప్పుడు లేపాలంటే మనసొప్పలేదు.

పలమనేరు బస్టాండులో కాఫీ పదిహేను రూపాయలు, పరవాలేదు. అక్కడి నుంచి పుంగనూరుకు గంటలోపే. పదిన్నరకల్లా మునెప్పన్న ఇంట్లో ఉన్నాను. మనిషి మంచం మీద కాలు చాపుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే సెల్యూట్ కొట్టాడు. ఆయన భార్య రత్నమ్మ వదిన వంటింట్లోంచి, "ఆ సెల్యూట్లకేం తక్కువ లే. మందులు మింగమంటే మాత్రం చెయ్యి లెయ్యదు" అంది. ఆమె ఆ రోజు పితికిపప్పు కూర, రాగిసంగటి చేసింది. అనపకాయలు వచ్చే ఈ చలికాలంలో మా జిల్లాకు వచ్చి పితికిపప్పు తినకుండా పోయారంటే మీ అంత పిచ్చివాళ్ళు ఉండరు. గింజలను నానబెట్టి, ఒక్కొక్కటే తొక్క పితికి తీసే ఓపిక నాకిప్పుడు లేదు. ఒక్కదాని కోసం ఎవరు పితుకుతారు? వదిన మూడోసారి వడ్డిస్తుంటే వద్దనలేదు.

తిన్నాక మునెప్పన్న పాఠం మొదలుపెట్టాడు. ముందు నడిచే పెద్ద పేరు గంగులప్ప, రిటైరైన సుబేదారు. "వానికి సెవుడు. గట్టిగా పలకల్ల. ఒక్క తూరే పిలుస్తాడు. పలక్కపోతే నడిసిపోతాడు. సొంత తమ్ముని రాయికాడైనా అంతే. రెండోతూరి పిలవడు."

"నేను టీచర్ని అన్నా, గొంతుకేం తక్కువ లేదు" అన్నాను.

"అట్లయితే నా రాయికాడ గూడా నువ్వే పలుకు. నేను సచ్చినానని అనుకుంటారు లేకపోతే."

"ఆ మాటలేంది?" అని వదిన గిన్నె ఠక్కున కింద పెట్టింది. మునెప్పన్న నవ్వాడు. కాసేపయ్యాక దుప్పటి అంచు లాక్కుంటూ, "నేనొస్తే బాగుండును గదమ్మా. వాని పక్కన నడిసినోన్ని" అన్నాడు.

పుంగనూరు నుంచి మదనపల్లె బస్సు ఆలస్యమైంది. దారిలో టమాటా ట్రేలు నింపుకున్న లారీ ఒకటి ఆగిపోయి, రోడ్డు సగం మూసుకుపోయింది. నాలుగింటికి నడక మొదలవుతుందని చెప్పారు. నేను మదనపల్లె బస్టాండులో దిగేసరికే పావు తక్కువ నాలుగు. ఆటోవాడు ఎనభై అన్నాడు, అరవైకి ఒప్పుకున్నాడు. "సైనికుల పార్కేనా అమ్మా? మీవాళ్ళెవురన్నా ఉండారా ఆడ?" అని అడిగాడు. "ఉండాడు" అన్నాను. ఆ రోజు అది రెండోసారి. ఈసారి అబద్ధమో నిజమో నాకే తేలలేదు.

పార్కుకు టికెట్ లేదు. ఉదయం, మళ్ళీ మధ్యాహ్నం మూడు తర్వాత తెరుస్తారు. గేటు దాటగానే నల్లరాతి దిమ్మె, దాని మీద తలకిందులుగా నిలిపిన తుపాకీ, తుపాకీ మడమ మీద ఇనుప టోపీ. చెప్పులు విప్పి దండం పెట్టుకుని ఎడమవైపు తిరగాలి. సిమెంటు దారి ఒకటి పార్కు చుట్టూ తిరిగి మళ్ళీ గేటు దగ్గరికే వస్తుంది. దారికి రెండు పక్కలా కానుగ చెట్లు, చెట్ల మొదళ్ళలో రాళ్ళు. ఏ ఊరి రాళ్ళు ఆ ఊరివి ఒకచోట. చిన్న రేకు పలకల మీద ఊళ్ళ పేర్లు. బి.కొత్తకోట, పుంగనూరు, సదుం, అలా. చివర్న పిల్లల ఉయ్యాలల పక్కన "కుప్పం" అని కనిపించింది. సరే, మనది చివర్లో అన్నమాట, తీరిగ్గా నడవచ్చు అనుకున్నాను. ఆ రాళ్ళ దాకా వెళ్ళి చూసే టైము లేదు. అప్పటికే జనం వరుస కట్టేశారు.

గంగులప్ప బక్కపల్చని మనిషి. కోటు మీద పతకాలు, కాళ్ళకు మాత్రం రబ్బరు చెప్పులు. నన్ను చూసి, "ఎవురి తరపు?" అన్నాడు. "మునెప్ప, రెడ్డెప్ప" అని అరిచాను. తలూపి నడక మొదలుపెట్టాడు. అబ్బా, ఏం నడకండీ అది! డెబ్భై దాటినవాళ్ళు, కొందరి చేతుల్లో కర్రలు, అయినా అడుగులన్నీ ఒక్కసారే పడుతున్నాయి. నేను మొదటి మలుపులోనే వెనకబడ్డాను. మా ఆయనతో కూడా ఇదే గొడవ. పొద్దున్నే కుప్పం రైల్వే స్టేషన్ రోడ్డులో నడకకు వెళ్ళేవాళ్ళం. వెళ్ళేవాళ్ళం అనడమే గానీ, ఆయన ముందర, నేను వెనక. "కొంచెం నిదానం" అంటే ఆగి నిలబడేవాడు. నేను చేరగానే మళ్ళీ అదే వేగం. పక్కపక్కన నడిచిన గుర్తే లేదు నాకు.

బి.కొత్తకోట రాళ్ళ దగ్గర చాలామందే పలికారు. ఒకాయన తన పేరుకు "ఉండాను" అని ఛాతీ విరిచి పలికితే, వెనక నుంచి ఎవరో "ఉండావులే, కిందటేడు గూడా ఉండావు" అన్నారు. ఆ తర్వాతి రాయి దగ్గర గంగులప్ప పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. అందరూ కాసేపు నిలబడ్డారు. ఉయ్యాలల వైపు నుంచి పిల్లల కేకలు తప్ప ఏమీ వినపడలేదు. ఆ రాయికి సున్నం పొలుసులు ఒకటీ అరా మిగిలాయి, పేరులో సగం అక్షరాలు చెరిగిపోయాయి. గంగులప్ప ముందుకు నడిచాడు. వరుస కదిలింది. నేను ఆ రాయి పక్కనుంచి నడవలేక అవతలి అంచున నడిచాను.

పుంగనూరు రాళ్ళ దగ్గర "మునెప్ప!" అనగానే "ఉండాడు!" అని క్లాసులో హాజరు పలికినట్టు అరిచేశాను. "మోకాలికి ఆపరేషన్! మంచం మింద ఉండాడు!" అందరూ గొల్లుమన్నారు. గంగులప్ప కూడా నవ్వాడు. "మంచం మింద గూడా వాడు ఊరికే ఉండడు" అన్నాడు ఒకాయన. నాకు ధైర్యం వచ్చేసింది. ఇంత తేలికా, దీనికా నేను అన్నం మానుకున్నది అనుకున్నాను. మునెప్పన్నకు చూపిద్దామని ఫోన్ తీసి ఆయన రాయిని ఒక ఫోటో, దగ్గరగా ఇంకో ఫోటో తీస్తూ ఆగాను. కుప్పం ఇంకా చాలా దూరం కదా అన్న ధీమా. వరుస నన్ను దాటి మలుపు తిరిగింది.

అప్పుడు వినపడింది.

"సదుం! రెడ్డెప్ప!"

మా పక్క రెడ్డెప్పలకు కొదవ లేదు. ఎవరో ఇంకో రెడ్డెప్ప అనుకున్నాను. తర్వాత, మా ఆయన పుట్టింది సదుం దగ్గరి పల్లెలోనని గుర్తొచ్చింది. మా పెళ్ళయ్యాక పండగలకు వెళ్ళి వచ్చిన ఊరు. ఆయన వాటా చేను ఇప్పుడు మరిది చేస్తున్నాడు. రాయి సొంత చేనుది కావాలి. కుప్పంలో మాకు ఇల్లుంది గానీ, చేను ఎక్కడుంది? నాలాంటి తెలివితక్కువది ఇంకొకతి ఉంటుందా!

చెట్ల సందుల్లోంచి వరుస కనపడుతోంది. అందరూ నిలబడి ఉన్నారు. ఎవరూ పలకడం లేదు. పలకాల్సినదాన్ని నేను, ఇక్కడ ఫోన్ పట్టుకుని ఉన్నాను. నోరు తెరిచాను. పొద్దుటి నుంచీ అడిగినవాడికీ అడగనివాడికీ ఉండాడు ఉండాడు అని చెప్పిన నోరు, ఆ ఒక్క క్షణం పెగల్లేదు. గంగులప్ప తల దించుకున్నాడు. ఆయన రబ్బరు చెప్పు పైకి లేవడం చూశాను.

"ఉండాడు!" అని అరిచాను. మూసిన తలుపు వెనక నుంచి వీధిలోకి అరిచే గొంతు అది. దానికి చెట్ల మీది కొంగలు లేచాయి. "ఉండాడప్పా! ఈడ్నే ఉండాడు! పోవద్దండి, వస్తాండాను!" చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరుగెత్తాను. ఈ వయసులో నేను పరుగెత్తడం చూసి ఎవరూ నవ్వలేదు.

గంగులప్ప ఆగే ఉన్నాడు. "ఎవురు పలికింది?"

"నేను. ఆయన భార్యను."

"యాడ్నించి వస్తివి?"

"కుప్పం నించి."

గంగులప్ప రాయిని చూశాడు, నన్ను చూశాడు. "సదుం, రెడ్డెప్ప. ఉండాడు" అని తానే ఒకసారి అందరికీ వినపడేలా చెప్పి, కదిలాడు. ఈసారి వరుస నిదానంగా నడిచింది. నా కోసమేనని తెలుసు. అయినా నేను వాళ్ళతో వెళ్ళలేదు. రాయి పక్కన కూర్చున్నాను. ఎర్రమట్టి అంటుకున్న గరుకు రాయి. వేరుశనగ చేలల్లో నాగలికి అడ్డం తగిలే రకం. మా ఆయన దాన్ని మోసుకొచ్చిన రోజు నాకు "పుంగనూరుకు పొయ్యొస్తా" అని మాత్రం చెప్పాడు. వచ్చాక చేతులు ఒరుసుకుపోయి ఉంటే నూనె రాశాను. ఏమైందని అడిగితే "ఏం లేదులే" అన్నాడు. ఏడుపొచ్చింది. ఆయన పోయినందుకు కాదు. ఆయన రేషన్ కార్డు కుప్పం, ఓటు కుప్పం, పింఛను కుప్పం. రాయి మాత్రం సదుం. నేనున్న ఊరు ఆయన ఊరు కాలేదు. ఆ మాట చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

చీకటి పడకముందే పుంగనూరు బస్సెక్కి, ఆ రాత్రికి మునెప్పన్న ఇంట్లోనే ఉన్నాను. జరిగింది చెప్పాను. "సదుమని నీకు తెలుసుననుకుంటినే! అయ్యో, నేను సెప్పకపోతిని" అని తల కొట్టుకున్నాడు. నేను అడిగాను, చేను సంగతి సరే, కుప్పం పేరు పెట్టించుకోవాలని ఆయనకెందుకు అనిపించలేదని. మునెప్పన్న చాలాసేపు మోకాలు నిమురుకున్నాడు. "కోపం సేసుకోవద్దమ్మా. 'కుప్పం ఇల్లు టీచరమ్మదిరా, నేను ఆడ సుట్టమట్ల పొయ్యొస్తాండా' అంటాండె వాడు. రిటైరైనాక గూడా అట్లనే అనె. 'నా సెప్పులు గూడా వాకిట్లోనే ఇడవమంటాదిరా' అని నగుతాండె." చెప్పులు వాకిట్లో ఎందుకు వదలమన్నానో ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. అంత చిన్న విషయం ఎవరైనా చెప్తారా? తలుపు వెనక ఒక్కదాన్నే భయపడ్డానని, ఆ చెప్పులే నాకు తోడని చెప్పుంటే ఆయన నవ్వేవాడో ఏమో.

మర్నాడు మధ్యాహ్నం కుప్పం చేరాను. తాళం తీసి కాళ్ళు కడుక్కుంటుండగానే గ్యాసతను వచ్చాడు. ఎప్పటిలాగే వాకిట్లో చెప్పులు చూసి, "సారు ఉండాడా అమ్మా? సిలిండరు లోపల పెట్టల్ల" అన్నాడు. "లేడప్పా" అన్నాను. "ఆయన పోయి మూడేండ్లయింది. నేనొక్కదాన్నే ఉండాను. నువ్వే కొంచెం వంటింట్లో పెట్టిపో." అతను నోరు తెరిచి చూశాడు పాపం, ఇన్నాళ్ళూ నిద్రపోతున్న సారును తలుచుకుని. సిలిండరు పెట్టి, "జాగర్త అమ్మా" అని వెళ్ళాడు. తర్వాత ఆ చెప్పుల దుమ్ము దులిపి, లోపలికి తెచ్చి, నా చెప్పుల పక్కన పెట్టాను.

ఆ మాట పలకాల్సిన చోట ఒక్కసారి పలికేశాక, వాకిట్లో పలకాల్సిన పని తగ్గింది. అంతకుమించి నాకేదో జ్ఞానోదయం అయిందని అనుకోకండి. ఇల్లు అదే, నిశ్శబ్దం అదే. రాత్రిపూట తలుపు గడియ ఇంకా రెండుసార్లు చూసుకుంటున్నాను. మునెప్పన్న వాట్సాప్‌లో ఫోటో పంపించాడు, ఎవరో తీసింది. సున్నం తెల్లగా ఉంది, కావిపట్టె కొంచెం వంకరగా వచ్చింది. సదుం, రెడ్డెప్ప. వచ్చే ఏడాది కూడా వెళ్తాను. మలుపు దగ్గర ఆగను.

మీరూ వెళ్ళేలా ఉంటే ఒక్క మాట. నీళ్ళ సీసా, ఆధార్ కార్డు ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఇది: మీ మనిషిని ఏ ఊరి పేరుతో పిలవాలో ముందే కనుక్కుని పోండి. ఆ మాట మునెప్పన్నలను కాదు, మీ మనిషినే అడగండి, ఇంట్లో ఉన్నప్పుడే.